కంప్యూటర్‌లో బోరైడ్‌ని నొక్కడం ఎలా?

ప్రశ్న: టైటానియం డైబోరైడ్ లాంటి లోహ బోరైడ్లు 100 గిగాపాస్కల్స్ పీడనంలో ఎలా ఉంటాయో కంప్యూటర్‌తో కనుక్కున్నామని పరిశోధన పత్రాల్లో రాస్తుంటారు. లేని పదార్థాన్ని కంప్యూటర్‌లో ఎలా నొక్కుతారు? అసలు ఆ అంకెల్ని నమ్మొచ్చా? (ఎంఎస్సీ ఫిజిక్స్ విద్యార్థిని)

జవాబు: నొక్కేదేమీ ఉండదండీ, పరమాణువులున్న పెట్టెని లెక్కలో కాస్త చిన్నది చేస్తారు, అంతే. (1 గిగాపాస్కల్ అంటే దాదాపు 10,000 వాతావరణాల పీడనం, భూకేంద్రంలో ఉండేది సుమారు 360 గిగాపాస్కల్స్.) లోహం, బోరాన్ కలిసిన పదార్థాల్నే లోహ బోరైడ్లంటారు. మీరన్న టైటానియం డైబోరైడ్‌నే తీసుకోండి. దాని యూనిట్ సెల్‌లో, అంటే స్ఫటికంలో పదేపదే వచ్చే అతిచిన్న పెట్టెలో, ఉండేవి మూడే పరమాణువులు, ఒక టైటానియం, రెండు బోరాన్లు. బోరాన్లు షడ్భుజాల వలలా పొరలు కడతాయి, పొరకీ పొరకీ మధ్య టైటానియం ఉంటుంది. ఆ సెల్ ఘనపరిమాణాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోతూ, ప్రతిసారీ సెల్ ఆకారాన్నీ లోపలి పరమాణువుల్నీ సర్దుకోనిచ్చి, మొత్తం శక్తి ఎంతో లెక్కగడతారు. ఘనపరిమాణం తగ్గేకొద్దీ శక్తి ఎంత ఏటవాలుగా పైకి లేస్తోందో అదే పీడనం. ఆ వాలు మారే తీరు నుంచి బల్క్ మాడ్యులస్, అంటే కుదింపుకి ఆ పదార్థం ఎంత ఎదురు తిరుగుతుందన్నది, వస్తుంది. ఈ బిందువుల గుండా గీత గీయడానికి ఎక్కువమంది వాడేది బర్చ్–మర్నగన్ సమీకరణం.

ఇక శక్తిని లెక్కగట్టేది డెన్సిటీ ఫంక్షనల్ థియరీ, అందరూ డీఎఫ్‌టీ అనేస్తారు. 1964లో హోహెన్‌బర్గ్, కోన్, 1965లో కోన్, షామ్ వేసిన పునాది ఇది, కోన్‌కి 1998లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది కూడా. ఒక్కో ఎలక్ట్రాన్ వెంట పడకుండా మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రతతో పని కానిచ్చేయడం ఇందులోని గొప్ప. అయితే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగే ముక్క దగ్గర మాత్రం ఉజ్జాయింపు తప్పదు. ఎల్‌డీఏ అనే ఉజ్జాయింపు వాడితే సెల్ సాధారణంగా అసలుకంటే కొంచెం చిన్నగా వస్తుంది, 1996 నాటి పీబీఈ అనే ఇంకో ఉజ్జాయింపు వాడితే కొంచెం పెద్దగా వస్తుంది. అందుకే ఎవరైనా "ఈ నిర్మాణ మార్పు సరిగ్గా 52 గిగాపాస్కల్స్ దగ్గర జరుగుతుంది" అని రాస్తే ఆ "సరిగ్గా"ని నేను పట్టించుకోను, అటూ ఇటూ కొన్ని గిగాపాస్కల్స్ వదిలేసి చదువుతాను. పైగా మామూలు లెక్కలన్నీ సున్నా కెల్విన్ దగ్గర చేసినవి, వేడి ప్రభావం కావాలంటే పరమాణువుల కంపనాల్ని, అంటే ఫోనాన్లని, విడిగా కలపాలి.

పీడనం పెరిగితే ఏ స్ఫటిక నిర్మాణం గెలుస్తుందో తేల్చేది ఎంథాల్పీ, అంటే శక్తికి పీడనం, ఘనపరిమాణాల లబ్ధాన్ని కలిపితే వచ్చేది. ఇక్కడొక అంకె గుర్తుపెట్టుకోండి: 100 గిగాపాస్కల్స్ దగ్గర ఒక్క ఘన ఆంగ్‌స్ట్రామ్ తేడా అంటే దాదాపు 0.62 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు పోటీ నిర్మాణాల మధ్య శక్తి తేడా చాలాసార్లు పరమాణువుకి అందులో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి మామూలు పీడనంలో ఓడిపోయిన నిర్మాణం కాస్త ఇరుగ్గా సర్దుకోగలిగితే చాలు, ఎక్కువ పీడనంలో గెలిచేస్తుంది. (1 గిగాపాస్కల్ అంటే దాదాపు 10,000 వాతావరణాల పీడనం, భూకేంద్రంలో ఉండేది సుమారు 360 గిగాపాస్కల్స్.)

మాలిబ్డినం డైబోరైడ్ దీనికి చక్కని ఉదాహరణ. సుమారు 65 గిగాపాస్కల్స్ దాటాక అది మెగ్నీషియం డైబోరైడ్ నిర్మాణంలోకి మారిపోయి, 100 గిగాపాస్కల్స్ దగ్గరికి వచ్చేసరికి 32 కెల్విన్ వద్ద సూపర్‌కండక్టర్ (ఏ నిరోధం లేకుండా కరెంటుని మోసే పదార్థం) అవుతుంది. తమాషా ఏమిటంటే 2001లో 39 కెల్విన్‌తో సంచలనం రేపిన ఆ మెగ్నీషియం డైబోరైడ్‌ని నొక్కితే మాత్రం ఆ ఉష్ణోగ్రత తగ్గుతూ పోతుంది. నిర్మాణం ఒకటే కదా, ఈ తేడా ఎందుకు? దీన్ని విప్పింది సిమ్యులేషనే. మెగ్నీషియం దాంట్లో కథంతా బోరాన్ పొర లోపలి ఎలక్ట్రాన్లదీ కంపనాలదీ, నొక్కితే ఆ కంపనాలు బిగుసుకుపోతాయి. మాలిబ్డినం దాంట్లో బరువు మోసేవి ఎక్కువగా మాలిబ్డినం డి-ఎలక్ట్రాన్లు, దాని సొంత కంపనాలు. ప్రయోగం ఒక్కటే ఉంటే "రెండూ ఒకలాంటివే" అనుకుని ఊరుకునేవాళ్ళమేమో.

ప్రశ్న: "వజ్రంతో పోటీపడే బోరైడ్" అని లెక్కల్లో తేలినట్టు వార్తలొస్తాయి, తర్వాత ఏ చప్పుడూ ఉండదు. ఎందుకని?

జవాబు: ఎక్కువసార్లు బల్క్ మాడ్యులస్‌ని గట్టిదనంగా చదివేస్తారు, గొడవంతా అక్కడే. ఆస్మియం లోహం కుదింపుకి వజ్రం దరిదాపుల్లో నిలబడుతుంది, కానీ గట్టిదనంలో వజ్రానికి ఆమడ దూరంలో ఉంటుంది. గీత పడకుండా ఉండాలంటే పొరలు పక్కకి జారకూడదు, దానికి షియర్ మాడ్యులస్ (పక్కకి నెడితే ఎంత ఎదురు తిరుగుతుందన్నది), బంధాలు ఎటు చూస్తున్నాయన్నది ముఖ్యం. బోరాన్‌ని లోహంలో కలిపేది ఆ జారుడుని ఆపడానికే. 2007లో వచ్చిన రీనియం డైబోరైడ్‌కి గట్టిదనం కొలిచే సూదిని అతి తక్కువ లోడ్‌తో (బరువుతో) నొక్కితే 48 గిగాపాస్కల్స్ గట్టిదనం వచ్చింది, లోడ్ పెంచితే 30 దగ్గరికి దిగింది. సూపర్‌హార్డ్ అనడానికి గీత 40 దగ్గర గీస్తారు కాబట్టి ఏ అంకె చెప్పుకుంటారో మీరే ఊహించుకోండి! ఎలాస్టిక్ స్థిరాంకాల నుంచి గట్టిదనాన్ని తీసే సూత్రాల్లో అసలు లోడ్ ఊసే ఉండదు. నా మటుకు నేను వాటిని జాబితాలో ముందెవరు, వెనకెవరు అని చూసుకోవడానికే వాడతాను.

అలాగని అంచనాలన్నీ గాలిమాటలు కావు. ఐరన్ టెట్రాబోరైడ్ ఉంటుందని 2010లో లెక్క చెప్పింది. అంతకుముందు అలాంటిది ఎవరూ చేసి చూపించలేదు. ఆ లెక్క వాడింది పరిణామక్రమాన్ని అనుకరించే పద్ధతి, అది యాదృచ్ఛిక నిర్మాణాల్ని పుట్టించి, తక్కువ ఎంథాల్పీ ఉన్నవాటిని కలిపి, మార్చి, మళ్ళీ వడపోస్తుంది. 2013లో 8 గిగాపాస్కల్స్ పైన, బాగా వేడి చేసి దాన్ని తయారుచేస్తే నిర్మాణం అచ్చం చెప్పినట్టే వచ్చింది. సూపర్‌కండక్టర్ అన్నమాటా నిజమైంది, కాకపోతే 15–20 కెల్విన్ అనుకున్నది 2.9 దగ్గర ఆగింది. ఎవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పడంలో డీఎఫ్‌టీ దిట్ట, ఆ కూర్చున్నవాళ్ళు ఏం చేస్తారన్న దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి.

ఇంకోటి. టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహం పక్కన బోరాన్ ఎక్స్-రేలకి సరిగ్గా ఆనదు, అందుకే టంగ్‌స్టన్ టెట్రాబోరైడ్‌లో బోరాన్లు ఎక్కడున్నాయన్న వాదన ఏళ్ళ తరబడి నడిచింది. అలాంటిచోట లెక్క ప్రయోగానికి తోక కాదు, రెండో కన్ను.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో టైటానియం డైబోరైడ్ లెక్క నడిపాను. పీడనం పెంచేకొద్దీ ఫలితాలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దు, మూడు పరమాణువులకి ల్యాప్‌టాప్ చాలు, క్వాంటమ్ ఎస్ప్రెస్సో లాంటి ఉచిత సాఫ్ట్‌వేరూ చాలు. ముందు సూడోపొటెన్షియల్ చూడండి, అంటే కేంద్రకాన్నీ లోపలి ఎలక్ట్రాన్లనీ కలిపి ఒకే ముద్దగా చూసే ఉజ్జాయింపు. టైటానియం 3ఎస్, 3పీ ఎలక్ట్రాన్లని లోపలి గుట్టలో పడేసినది వాడితే, పరమాణువులు దగ్గరపడేకొద్దీ అది చెల్లదు. తర్వాత కటాఫ్, అంటే ఎలక్ట్రాన్ తరంగాల్ని ఎంత శక్తి దాకా లెక్కలోకి తీసుకోవాలన్న హద్దు. సెల్ మారుతున్నప్పుడు కటాఫ్ తక్కువైతే పులే స్ట్రెస్ అనే దొంగ పీడనం చేరుతుంది, కాబట్టి మామూలు కటాఫ్ కంటే బాగా పెంచి, సెల్ సర్దుకున్నాక చివరి ఆకారంతో లెక్కని ఇంకోసారి మొదటినుంచి నడపండి. ఇది లోహంలా ప్రవర్తించే పదార్థం, కే-పాయింట్లలో (ఎలక్ట్రాన్ తరంగాల్ని లెక్కగట్టే నమూనా బిందువుల్లో) పీనాసితనం పనికిరాదు. ఇవన్నీ సరిచూశాక కూడా ఫోనాన్లలో ఊహాత్మక పౌనఃపున్యాలు (ఆ నిర్మాణం నిలకడగా లేదనడానికి గుర్తు) కనబడితే, వాటికోసం వాడిన సూపర్‌సెల్‌ని (యూనిట్ సెల్‌లు పేర్చిన పెద్ద పెట్టెని) పెంచి చూడండి. అప్పటికీ పోకపోతే ఆ కంపనం ఎటు లాగుతోందో అటు పరమాణువుల్ని కొంచెం జరిపి మళ్ళీ సర్దుకోనివ్వండి, ఎంథాల్పీ ఇంకా తక్కువున్న కొత్త నిర్మాణం దొరకొచ్చు.