అరవై దాటాక అమ్మ బొమ్మలేస్తానంటే క్లాసులో చేర్చాలా?

అమ్మకి 67, ఇప్పుడు బొమ్మలేస్తానంటోంది, డ్రాయింగ్ క్లాసులో చేర్చాలా అని అడిగారు కదా. వద్దండీ, ముందు రంగులు కొనిచ్చి ఒక ఆర్నెల్లు ఆమెని ఆమె దారిన వదిలేయండి.

మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు పక్కన పల్లె. మా అమ్మ 64 ఏళ్ళకి మొదలుపెట్టింది. అంతకుముందు బ్రష్షు పట్టలేదు గానీ ధనుర్మాసమంతా వాకిట్లో ముగ్గులు, పండక్కి గోడకి సున్నం కొట్టి కింద జాజు పట్టీలు, అన్నీ ఆమే. మోకాళ్ళు అరిగి వంగలేకపోయినాక ముగ్గు నా భార్య వేస్తా ఉంటే అరుగు మీద కూర్చోని చూసేది, అట్టా చూస్తా ఉంటే నాకు కడుపులో దేవినట్టుండేది. ఒకరోజు పాత క్యాలెండర్ వెనక మనవరాలి స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టింది, సాయంత్రానికి అందులో ఒక చింతచెట్టు, దాని కింద రెండు ఎద్దులు.

అమెరికాలో గ్రాండ్‌మా మోసెస్ అని రైతు ఇంటి ఇల్లాలు, ఆమెదీ ఇట్టాంటిదే. ఊలుతో బొమ్మలు కుట్టేది, కీళ్ళనొప్పులకి సూది పట్టలేక 70 దాటాక రంగులు పట్టింది. 1938లో మందులషాపు అద్దంలో పెట్టిన ఆమె బొమ్మల్ని ఒకాయన చూసి కొన్నాడు, అక్కణ్ణుంచి పేరొచ్చింది, 101 ఏళ్ళు బతికింది. మన మధ్యప్రదేశ్‌లో జోధయ్య బాయి బైగా కూడా 70కి దగ్గర్లో మొదలుపెట్టి 2023లో పద్మశ్రీ తీసుకుంది.

క్లాసు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ తప్పు నేనే ఇంట్లో చేశా. ఇల్లు చిన్నగా, ఎద్దులు పెద్దగా వేస్తే కొలత తప్పిందమ్మా అని పెన్సిల్‌తో దిద్దాను. ఏమీ అనలేదు, నెలరోజులు రంగులు ముట్టలేదు. తర్వాత ఒకరోజు అన్నం తింటా తింటా "మా నాయనకి ఇంటికన్నా ఎద్దులే పెద్దవి రా" అంది. నాకు ముద్ద దిగలేదు.

సామాన్ల సంగతి. చార్ట్ పేపర్ తడికి ముడుచుకుపోతుంది, వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్కలు తెచ్చి తెల్ల ప్రైమర్ రెండు పూతలు వేసివ్వండి. ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడతాయి, టర్పెంటైన్ వాసన వేరే, నీళ్ళతో కలుపుకునే ఆక్రిలిక్ రంగులు తీసుకోండి. వేళ్ళ నొప్పులుంటే బ్రష్షు కాడకి పాత గుడ్డ చుట్టి లావు చేయండి, పట్టు దొరుకుతుంది.

కళ్ళు కూడా చూపించండి. శుక్లాలుంటే రంగులన్నీ పసుపు కలిసినట్టు కనిపిస్తాయి. మా అమ్మ ఆపరేషన్ అయినాక తను వేసిన సోమశిల నీళ్ళు చూసి "ఇంత నీలం ఎందుకు పూశాను" అని ఆశ్చర్యపోయింది, మార్చమంటే మాత్రం ఒప్పుకోలేదు.

ఇంకోటి, బొమ్మ అయిపోగానే అందులో ఎవరెవరున్నారో అడిగి వెనకాల పెన్సిల్‌తో రాసి పెట్టండి. నేను ఆలస్యంగా మొదలుపెట్టా. కుప్ప నూర్పిడి బొమ్మలో చేట పట్టుకున్న పచ్చచీర మనిషి ఎవరమ్మా అంటే ఇప్పుడు అమ్మకే గుర్తు రావట్లేదు.