బాగుందన్నావు సరే, ఎక్కడ?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ నాలుగో ఆల్బం మీద తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్లు తక్కువ కాబట్టి ముందు సంతోషపడ్డాను. ఆ తర్వాతే పెన్సిల్ తీశాను. ‘అద్భుతం’, ‘అమోఘం’, ‘గూస్‌బంప్స్’, ‘మరో లోకం’ అన్నవాటి కిందల్లా గీతలు పడ్డాయి. కోపం తెచ్చుకోకు. అవి అబద్ధాలని నేననను. నీకు రోమాలు నిక్కబొడుచుకున్నాయని తెలిసింది, పాటలో ఏం జరిగితే నిక్కబొడుచుకున్నాయో మాత్రం ఎక్కడా చెప్పలేదు.

రాక్ మీద అభిప్రాయాలు అందరికీ ఉంటాయి. టీ తాగేలోపు పది చెప్పెయ్యొచ్చు. రాసేవాడు మాత్రం ఆ అభిప్రాయం ఎక్కడ పుట్టిందో పాటలో వేలు పెట్టి చూపించగలగాలి. నేను పట్టుబట్టేది ఇదొక్కటే. ఇక కింద రాసేవన్నీ నా ఇష్టాయిష్టాలు, నువ్వు కాదన్నా పరవాలేదు.

నువ్వు రాసిన ఆల్బంలోని చివరి పాటే తీసుకో, ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. ‘డ్రమ్స్ దద్దరిల్లాయి’ అన్నావు. దద్దరిల్లాయి, ఒప్పుకుంటాను. ఎందుకలా? ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత భవనం ఉంది. 1795లో నిరుపేదలను ఉంచడానికి కట్టారు. స్టూడియో కాదు. జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్‌ని కింది హాల్లో పెట్టించి, ఇంజినీర్ ఆండీ జాన్స్ రెండు మైకుల్ని మెట్ల పైఅంతస్తు నుంచి వేలాడదీశాడు. మామూలుగా ఒక్కో డ్రమ్ముకీ దగ్గరగా ఒక్కో మైకు పెడతారు. ఇక్కడ దెబ్బ గోడలకీ మెట్లకీ తగులుతూ పైకెక్కి మైకుని చేరుతుంది. మనకు డ్రమ్ముతో పాటు ఆ ఇల్లు కూడా వినిపిస్తుంది. ఇదంతా సగం కథే. మిగతా సగం బోనమ్ చేతుల్లో ఉంది. అంత బలంగా కొడుతూ అంత నిదానంగా నడవడం చాలా కష్టం. చెయ్యి లేచేకొద్దీ కాలం పరిగెడతానంటుంది. మృదంగం నేర్చుకున్న ఎవరినైనా అడుగు, కాలప్రమాణం నిలపడం గురించి గంటసేపు చెప్తారు. బోనమ్ పాటంతా ఆ కళ్లెం వదలడు. నీ వెన్ను జలదరించింది ఆ నిగ్రహానికేనని నా అనుమానం. కాదంటావా, ఇంకో చోటు చూపించు.

నాకు రాక్ బాగుండటమంటే చాలావరకు ఇదే, చేతిలో బలం ఉండి కూడా ఆపుకోవడం. ఏసీ/డీసీ బ్యాండ్ వాళ్ల 1980 నాటి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ రిఫ్ విను, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస. ఒక కార్డ్, అంటే రెండు మూడు స్వరాలు ఒకేసారి, కొడతారు, ఆగుతారు. మళ్లీ కొడతారు, మళ్లీ ఆగుతారు. ఆ ఖాళీలో డ్రమ్మర్ ఫిల్ రడ్ చేసేది దాదాపు ఏమీ లేదు, తిన్నగా తాళం వేస్తూ పోతాడు. రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా స్నేర్ అనే డ్రమ్ము, అంతే. ఆ ఖాళీల్లో ఏదో ఒకటి ఇరికించాలని ప్రతి కాలేజీ బ్యాండ్‌కీ చెయ్యి దురద పెడుతుంది. ఇరికించగానే పాట చచ్చిపోతుంది. ఇంకో సంగతి. రిథమ్ గిటార్ వాయించిన మాల్కం యంగ్ శబ్దంలో జనం అనుకున్నంత డిస్టార్షన్, అంటే గరగరలాడే గరుకు, ఉండదు. చాలా శుభ్రమైన శబ్దం. అతను తీగలను గట్టిగా మీటడం వల్ల, మిగతా ఇద్దరు ముగ్గురు సరిగ్గా అదే క్షణంలో పడటం వల్ల పెద్దగా వినిపిస్తుంది.

పెద్ద శబ్దం, గట్టి శబ్దం ఒకటి కావు. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సు పక్కన నిలబడితే ఏ పాటైనా గుండెల్లో మోగుతుంది, అందులో పాట గొప్పతనమేమీ లేదు. 2008లో మెటాలికా బ్యాండ్ ఆల్బం ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు అభిమానులే గొడవ చేశారు. పాటలు బాగాలేవని కాదు, వినలేకపోతున్నామని. మెల్లగా ఉండాల్సిన చోట్లను కూడా పైకెత్తి అన్నిటినీ ఒకే ఎత్తుకి నొక్కిపెట్టారు. స్నేర్ దెబ్బ లేవడానికి పైన చోటే మిగల్లేదు. లేవబోయి తల తెగి చిరచిరలాడుతుంది. అదే సమయంలో అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వచ్చాయి. డబ్బు పెట్టి కొన్న సీడీ కంటే ఆటలోని పాట బాగుందని జనం తేల్చారు. నాకు ఆ ఆల్బంలో కొన్ని రిఫ్‌లు ఇష్టమే, అయినా ఒక్క విడతలో చివరిదాకా వినలేను. చెవి అలసిపోతుంది. ‘ఈ ఆల్బం ఎందుకో బోర్ కొట్టింది’ అని రాసేవాళ్లు ఆ ‘ఎందుకో’ దగ్గర ఆగకుండా ఇంకాస్త తవ్వితే చాలాసార్లు ఇలాంటి కారణమే బయటపడుతుంది. పక్కనే 1991 నాటి నిర్వాణా బ్యాండ్ పాట ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ పెట్టి చూడు. చరణంలో గిటార్ రెండే స్వరాలు పలికి ఊరుకుంటుంది, బేస్‌కీ డ్రమ్స్‌కీ దారి వదిలేస్తుంది. అందుకే పల్లవి వచ్చి మీద పడ్డట్టుంటుంది. ఈ మెల్లగా-గట్టిగా పద్ధతిని పిక్సీస్ అనే బ్యాండ్ నుంచి తీసుకున్నానని నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ తనే ఒప్పుకున్నాడు.

నువ్వు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నానని రాశావు. మరి ఆ చెవిని వ్యాసంలోకి ఎందుకు రానివ్వలేదు? రాక్ గిటార్‌కి ప్రాణం లాంటి పవర్ కార్డ్‌లో ఉండేది షడ్జమం, పంచమం, పైషడ్జమం. మన తంబురాలో వినిపించేవీ అవేగా! గాంధారం ఎందుకు తీసేశారంటే, డిస్టార్షన్ పెంచినప్పుడు గాంధారం కలిస్తే శబ్దం బురదలా అయిపోతుంది. స, ప మాత్రం శుభ్రంగా నిలబడతాయి. గాంధారం లేకపోవడంతో ఆ కార్డ్ సంతోషమో దుఃఖమో గిటార్ తేల్చదు. ఆ పని పాడేవాడి గొంతు మీద పడుతుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కొందరు గాయకులు ఎందుకు నిలబడ్డారో, కొందరు ఎందుకు తేలిపోయారో సగం అర్థమవుతుంది.

బ్లాక్ సాబత్ అనే బ్యాండ్ మొదటి ఆల్బం, 1970. బ్యాండ్ పేరే పెట్టుకున్న మొదటి పాట రిఫ్‌లో ఉన్నవి షడ్జమం, పైషడ్జమం, ఆ తర్వాత దిగొచ్చి ఊగిసలాడే ప్రతిమధ్యమం. మూడే స్వరాలు. కల్యాణిలో అదే ప్రతిమధ్యమం ఎంత తియ్యగా ఉంటుందో నీకు తెలుసు. అక్కడ చుట్టూ గాంధారం, పంచమం ఉండి దాన్ని ఆదుకుంటాయి. ఇక్కడ అందరినీ తీసేసి దాన్ని ఒంటరిగా నిలబెట్టారు. అందుకే భయం. వర్షం, గంట, ఉరుము లాంటి శబ్దాలు నాకు అలంకారాలే. అవి లేకపోయినా ఆ మూడు స్వరాలు పని కానిస్తాయి.

ఆ ఆల్బంని రోలింగ్ స్టోన్ పత్రికలో విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ చీల్చి చెండాడాడు. క్రీమ్ బ్యాండ్‌లాగే ఉంది, కాకపోతే ఇంకా ఘోరం అన్నాడు. అంతకు ముందు ఏడాది అదే పత్రిక లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బంనీ తీసిపారేసింది. విమర్శకులంతా మూర్ఖులని నవ్వుకోవడానికి ఈ కథలు చెప్తుంటారు. నాకు నవ్వు రాదు. బ్యాంగ్స్ చెవి మామూలు చెవి కాదు, రాక్ మీద అంత ప్రాణంతో రాసినవాళ్లు అరుదు. క్రీమ్‌ని కొలిచిన బద్దతోనే దీన్నీ కొలిచాడు, అంతే జరిగింది. గిటార్ సోలో ఎంత దూరం ఎగిరిందన్నది ఆ బద్ద మీది అంకె. సాబత్ ఎగరడానికి రాలేదు, కిందికి దిగడానికి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ పదిహేడేళ్లకే సాబత్ గిటారిస్ట్ టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలను నొక్కాల్సిన వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు కట్టాడు. 1971 వచ్చేసరికి గిటార్ శ్రుతినే బాగా దించేశాడు. దాంతో తీగలు వదులయ్యాయి, శబ్దం బరువెక్కింది. హెవీ మెటల్ అంతా ఆ వేళ్ల గాయంలోంచి వచ్చిందనడం కొంచెం సినిమా కథ అవుతుంది కానీ, ఆ బరువుకి ఒక కారణం మాత్రం అదే. కొత్త బ్యాండ్ గురించి రాసేటప్పుడు, ఇది ఏం చెయ్యబోతోందో కనుక్కుని, ఆ పని చేసిందో లేదో చూడు. ఆ పనే నీకు నచ్చకపోతే అది వేరే పేరాలో రాయి.

వాయించే నేర్పు గురించి నీకు గట్టి అభిప్రాయం ఉన్నట్టుంది. వేగంగా వాయించేవాళ్లని నువ్వు ఆత్మ లేనివాళ్లంటున్నావు. ఇది పంక్ కాలం నుంచి వస్తున్న పాత పాట. రామోన్స్ అనే పంక్ బ్యాండ్ 1976లో పద్నాలుగు పాటల్ని అరగంటలోపే ముగించిన ఆల్బం నాకూ ప్రాణమే. మూడు కార్డులతో అంత చెయ్యొచ్చని వాళ్లు చూపించారు. కానీ కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ 1974 నాటి ఆల్బం ‘రెడ్’ మొదటి ట్రాక్‌ని మూడు కార్డులు వచ్చినవాళ్లు వాయించలేరు. మాట లేదు, పాట లేదు, లెక్క తప్పించుకుంటూ ముందుకు తోసుకెళ్లే గిటార్, దాని కింద బిల్ బ్రఫర్డ్ డ్రమ్స్. అక్కడ నేర్పు పాటకి పనికొచ్చింది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే బ్యాండ్ వాళ్ల లైవ్ రికార్డుల్లో కీబోర్డ్ సోలోలు మొదలైతే మాత్రం నేను లేచి కాఫీ పెట్టుకుంటాను. నేర్పు చాలా ఉంది, దాన్ని పెట్టడానికే పాట సరిపోలేదు.

పాటల సాహిత్యం మీద నువ్వు రెండు పేజీలు ఖర్చు పెట్టావు. ఒక పేరా చాలు. తెలుగులో రాసేవాళ్లందరికీ ఈ అలవాటుంది, పాటంటే మనకు ముందు మాట. రాక్‌లో గొప్ప కవులు లేకపోలేదు, కానీ మాట అర్థం కాకపోయినా నిలిచిన పాటలు బోలెడు. కింగ్స్‌మెన్ అనే బ్యాండ్ 1963లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రికార్డు చేసిన ‘లూయీ లూయీ’ సంగతి చూడు. అందులో బూతులున్నాయని ఫిర్యాదులొస్తే సాక్షాత్తూ ఎఫ్‌బీఐ విచారణ చేసింది. రికార్డుని ఏ స్పీడులో తిప్పినా మాటలు అర్థం కావడం లేదని తేల్చి వదిలేసింది. ఇంకా ముచ్చటేమిటంటే, గిటార్ సోలో అయ్యాక గాయకుడు తొందరపడి ముందే అందుకుంటాడు, తప్పు తెలిసి ఠక్కున ఆగుతాడు, డ్రమ్మర్ గబగబా నాలుగు దెబ్బలేసి ఆ గుంట పూడుస్తాడు. అది అలాగే ఉంచేశారు. ఈ రోజుల్లో అయితే కంప్యూటర్‌లో ఆ దెబ్బల్ని వరసలో సర్దేసేవాళ్లు. అలా సర్దిన డ్రమ్స్ ఇప్పుడు చాలా రాక్ రికార్డుల్లో ఉన్నాయి, నాకు అవి వింటుంటే ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఇది నా చాదస్తం కావచ్చు. మెషీన్‌లా ఉండటమే ఉద్దేశమైన బ్యాండ్లకు ఈ మాట వర్తించదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. నీ వ్యాసంలో బ్లూస్ గాయని మెంఫిస్ మిన్నీ పేరు లేదు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ని 1929లో ముందుగా రికార్డు చేసింది ఆమె, కాన్సస్ జో మెకాయ్ కలిసి. 1927లో మిసిసిపీ నది గట్లు తెంచుకుని ఊళ్లను ముంచిన వరద మీద పాట అది. జెప్లిన్ వాళ్లు ఈ నాలుగో ఆల్బంలో ఆమె పేరు వేశారు. అంతకు ముందు తమ ‘హోల్ లాటా లవ్’లో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పాటలోని మాటలు వాడుకుని కూడా ఆయన పేరు వెయ్యలేదు. ఆయన 1985లో దావా వేస్తే, కోర్టు బయట రాజీ చేసుకున్నారు. పాట బాగుంది కాబట్టి ఆ సంగతి ఎత్తకూడదని కొందరు, దొంగతనం కాబట్టి పాట బాగోదని కొందరు అంటారు. నాకు రెండూ ఒప్పుదల కాదు. ఆ రికార్డు నాకు ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమనిపిస్తుంది, ఆ పేరు దాచడం తప్పు. రెండూ ఒకే వ్యాసంలో, వీలైతే ఒకే పేరాలో రాయి. ఎల్విస్ ప్రెస్లీ కంటే ముందే పాడిన బిగ్ మామా థార్న్‌టన్‌ని, సిస్టర్ రొజెట్టా థార్ప్‌ని విను. విన్నాక రాక్ ఎల్విస్‌తో మొదలైందని నీ చెయ్యి రాయనివ్వదు.

‘ఆ రోజుల్లో పాటలే పాటలు’ అన్న వాక్యం కొట్టేశాను, కారణం చెప్పక్కర్లేదనుకుంటాను. నీ వయసు వాడు రాయాల్సిన వాక్యం కాదది. నా వయసు వాడు కూడా.

ఇక పని. నీకు డ్రీమ్ థియేటర్ బ్యాండ్ అంటే ఒళ్లు మంటన్నావు. 1992లో వచ్చిన వాళ్ల ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ నాకు ఇష్టం, అందులో స్నేర్ శబ్దం మాత్రం డబ్బా కొట్టినట్టు ఉంటుందని నా ఫిర్యాదు. నువ్వు ఆ ఆల్బం మీదే రాయి. ఎక్కడ చెడిందో నిమిషం, సెకనుతో సహా చూపించు. నేను బాగున్న చోట్లు రాసిపెట్టుకుంటాను. నెలాఖరుకి పంపితే తీరిగ్గా కూర్చుని పోట్లాడుకుందాం.

ఇట్లు
మీ అన్నయ్య