జొన్నల సంచి ఇంట్లోనే పెట్టు

అల్లుడికి మామ దీవెనలు.

అమ్రాబాద్ అడవిలో జింకల ఫొటోలు తీయడానికి నీకు పర్మిషన్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. హోటల్ కాడ నలుగురికీ చెప్పుకున్నాను. కానీ జింకలు దగ్గరికి రావాలని జొన్నలు, బెల్లం సంచికెత్తి తెస్తున్నావట. అది విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

బుద్ధుందా నీకు? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఎర వేయడం కూడా వేటే. చేతిలో ఉన్నది తుపాకీ కాదు, కెమెరా అంటే వింటారా?

కేసు సంగతి అట్లుంచు. నేను వాచర్‌గా ఉన్నప్పుడు పట్నం నుంచి ఒకాయన వచ్చి కుంట ఒడ్డున మక్కలు కుప్ప పోశాడు. మొదట ఒక్కటీ రాలేదు. తర్వాత మందకు మందే దిగింది. ఆయన ఫొటోలు తీసుకుని ఖుషీగా పోయాడు. ఆ మర్నాడు కట్ట కింద ఒక ఆడజింక పడి ఉంది. దగ్గరికి పోయినా లేవలేదు. ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుపోయింది, పళ్లు కొరుకుతోంది. గడ్డీ ఆకూ తినే కడుపులో ఒక్కసారిగా గింజలు పడితే పులిసిపోయి విషమైపోతుందని పశువుల డాక్టరు చెప్పాడు. మీ తాత బర్రె బియ్యం గంపలో మూతి పెట్టి చచ్చిపోలేదూ, అదే జబ్బు. సాయంత్రానికి జింక పోయింది. ఆ ఫొటోలు ఎవరింట్లో గోడకున్నాయో!

మేత అడవే పెడుతుంది బిడ్డా, నువ్వు చోటు చూసుకుని కూర్చో. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు తెల్లారగట్ల రాలుతాయి, చుక్కల జింకలు వాటికోసం వస్తాయి. ఎండలు ముదిరితే తునికి పండ్లు, తొలకరికి నేరేడు, చలికాలం ఉసిరి, రేగు. కొండముచ్చులున్న చెట్టు కనిపిస్తే కదలకు. అవి సగం కొరికి పారేసిన కాయల కోసం జింకలు కిందనే తిరుగుతాయి. గాలి నీ మొహానికి తగలాలి. సెంటు కొట్టుకోకు.

నా భయమంతా ఎలుగుబంటితోనే. ఇప్పపువ్వంటే దానికీ ప్రాణం. తల దించి తింటున్నప్పుడు మనిషి అలికిడి పట్టించుకోదు, దగ్గరికి పోయాక ఉలిక్కిపడి మీద పడుతుంది. ముందు మొహమే చీరుతుంది. అందుకే ఆ చెట్ల కిందికి పోకు, దూరం నుంచే చూడు. ఒంటరిగా అసలే వద్దు, దారి తెలిసిన చెంచు మనిషిని వెంట పెట్టుకో. వాళ్లు పూలు ఏరుకునే చోట అడ్డం పోకు.

రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపేస్తారు, వెలుగుండగానే రా. జొన్నలు ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం తీసుకురా, మీ అత్త రొట్టెలు చేస్తుంది.

మీ మామ