ఫిలిప్పీన్స్ క్రిస్మస్ చూడాలంటే తెల్లారకముందే లేవాలి

"వేరే దేశాల్లో క్రిస్మస్ ఎలా చేస్తారు, దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి" అని అడిగారు కదా. నేను మెడిసిన్ చదివింది ఫిలిప్పీన్స్‌లో, మనీలా మహానగర ప్రాంతంలోని లాస్ పిన్యాస్‌లో. అక్కడి సంగతి చెబుతాను.

సెప్టెంబర్ వస్తే చాలు, మాల్స్‌లో క్రిస్మస్ పాటలు మొదలైపోతాయి. కానీ నా మటుకు అసలు పండగ డిసెంబర్ 16 నుంచి 24 దాకా జరిగే సింబాంగ్ గాబీ. ఆ తొమ్మిది రోజులూ తెల్లవారుజామునే చర్చిలో పూజ ఉంటుంది. స్పెయిన్ పాలనలో రైతులు పొలానికి వెళ్లేముందు ప్రార్థన చేసుకోవడానికి కుదిరిన వేళ అది. ఇప్పుడు నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేవాళ్లూ కనిపిస్తారు. మా ఓనర్ ఆంటీ చీకటితోనే తలుపు కొట్టి మమ్మల్ని లేపేది. హిందువులమని ఎప్పుడూ వేరుగా చూడలేదు. అక్కడి సెయింట్ జోసెఫ్ చర్చిలో 1824లో పూర్తయిన ఆర్గాన్ అనే పెద్ద వాద్యం ఉంది. అందులో వెయ్యికి పైగా గొట్టాలుంటే 902 వెదురువే. ఆ నాదం వింటే నిద్రమత్తు ఎగిరిపోతుంది.

పూజ అయ్యాక అందరూ బయట బండ్ల దగ్గరికే. బిబింకా అనే రొట్టె కోసం మట్టిపాత్రలో అరటాకు పరిచి, కొబ్బరిపాలు కలిపిన బియ్యప్పిండి పోస్తారు. కింద బొగ్గులు, పైన మూత మీదా బొగ్గులు. అచ్చం మన దిబ్బరొట్టె కాల్చే పద్ధతే! పైన ఉప్పులో ఊరిన బాతుగుడ్డు ముక్కలు, చీజ్ వేస్తారు, కొబ్బరి కోరు చల్లుతారు. అరటాకు అంచులు మాడిన వాసన మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను. పక్క బండిలో పూతో బుంబోంగ్, అంటే వెదురుగొట్టంలో ఆవిరికి ఉడికిన ఊదారంగు జిగురుబియ్యం. నా ఓటు దానికే.

24 అర్ధరాత్రి పూజ నుంచి వచ్చి ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనం నోచే బ్వేనా. మర్నాడు పిల్లలు పెద్దల చేతిని నుదుటికి ఆనించుకుని దీవెనలు తీసుకుంటారు, డబ్బులూ అందుకుంటారు. ఇంత ఖర్చు మామూలు కుటుంబాలు ఎలా పెట్టుకుంటాయంటే, 1975 నుంచి చట్టమే ఉంది: సాధారణ ఉద్యోగులకు డిసెంబర్ 24 లోపు పదమూడో నెల జీతం, అంటే అదనంగా ఒక నెల జీతం, ఇచ్చి తీరాలి.

మీరు వెళ్లదలిస్తే 25కి కాకుండా 16కి ముందే చేరుకోండి. పంపాంగాలోని శాన్ ఫెర్నాండోలో ఇరవై అడుగుల ఎత్తుండే నక్షత్ర దీపాల పోటీ కూడా క్రిస్మస్‌కి ముందే జరిగిపోతుంది.