టూ వే స్విచ్ మార్చాక మెట్ల లైటు ఒక స్విచ్‌తో సరిగా వెలగట్లేదా? కామన్ వైరు చూడండి

కింద బోర్డులో పాత టూ వే (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆర్పే స్విచ్) తీసి కొత్తది పెట్టాక, కింద స్విచ్ ఒక వైపు ఉంటేనే పై స్విచ్ పనిచేస్తోందని, రెండో వైపు నొక్కితే పైన ఎన్నిసార్లు వేసినా చీకటేనని మీరు రాశారు. స్విచ్ చాలావరకు మంచిదే అయ్యుంటుంది, షాపులో వెనక్కి ఇవ్వకండి. ఈ స్విచ్‌కి మూడు స్క్రూలుంటాయి; ఎటు నొక్కినా మిగతా రెండింటిలో ఏదో ఒకదానితో కలిసేది కామన్. దాని వైరు తప్పు స్క్రూకి వెళ్తే సరిగ్గా ఇలాగే అవుతుంది.

మామూలు వైరింగులో కింద స్విచ్ కామన్‌కి ఫేజు వస్తుంది, పై స్విచ్ కామన్ నుంచి బల్బుకి పోతుంది. ఒక్కో స్విచ్‌లో మిగిలిన రెండేసి స్క్రూల మధ్య రెండు వైర్లు నడుస్తాయి. ఈ రెండూ తారుమారైనా ఏమీ కాదు. మీ బోర్డులో ఫేజు పక్క స్క్రూకి చేరి, పైకెళ్లే వైరొకటి కామన్‌లోకి వచ్చింది. అందుకే ఒక వైపు నొక్కితే పైకెళ్లే రెండు వైర్లూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి తప్ప ఫేజు ఎటూ పోవట్లేదు.

పాత గుండ్రటి స్విచ్‌లో ఏ వైరు ఎక్కడుందో కొత్తదాంట్లోనూ అక్కడే బిగిస్తే ఈ పొరపాటు జరుగుతుంది. ఇప్పటి పియానో, మాడ్యులర్ స్విచ్‌లలో కామన్ ఎక్కువగా మధ్య స్క్రూ. మల్టీమీటర్‌తో చూసుకోండి: స్విచ్ ఎటు నొక్కినా పక్క స్క్రూలు రెండూ ఒకదానితో ఒకటి కలవవు, మిగిలిన మూడోదే కామన్.

ముందు ఎంసీబీ దించండి, ఆ లైను ఇన్వర్టర్ మీద ఉంటే దాన్నీ ఆపండి. అద్దె వాటాలున్న ఇళ్లలో మెట్ల లైటు కింది వాటా మీటరు మీద ఉండొచ్చు, మీ ఎంసీబీ దించినా కరెంటు ఉంటుంది. కాబట్టి టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న సాకెట్లో పెట్టి వెలుగుతోందని చూసుకుని, ఆ తర్వాతే వైర్ల మీద పెట్టండి.

మూడు వైర్లూ విప్పి, చివర్లు ఒకదానికొకటి, గోడకీ తగలకుండా ఎడంగా వంచండి. బల్బు తీసేయండి. కరెంటు వేసి, చెయ్యి తగలకుండా టెస్టర్ పెట్టండి. కింద బోర్డులో ఒక్క వైరే గట్టిగా వెలుగుతుంది. అదే ఫేజు, అదే కామన్ స్క్రూకి. పక్క వైర్లలో మసగ్గా వెలిగితే పట్టించుకోకండి, పక్కపక్కనే నడిచే వైర్లలో అలా కనిపిస్తుంది. ఎప్పుడైనా పై స్విచ్ మార్చాల్సి వస్తే పద్ధతి వేరు: కింద స్విచ్ అటూ ఇటూ నొక్కుతుంటే రెండు వైర్లు వంతులవారీగా గట్టిగా వెలుగుతాయి, ఎప్పుడూ గట్టిగా వెలగనిది బల్బుకెళ్లే కామన్.

ఇక్కడ ఒక్క పరీక్ష తప్పనిసరి. బల్బు లేకుండానే, ఆ ఫేజుకీ మిగతా రెండు వైర్లలో ఒక్కోదానికీ మధ్య టెస్ట్ ల్యాంప్ (హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించి పెట్టుకున్న వేరే బల్బు) పెట్టండి. వెలిగిందంటే ఆ బోర్డులోకి న్యూట్రల్ కూడా వచ్చింది. కొన్ని పాత ఇళ్లలో వైరు కలిసొస్తుందని రెండు స్విచ్‌లకీ ఫేజు, న్యూట్రల్ రెండూ ఇచ్చేవారు. అలాంటి చోట కామన్ తప్పితే స్విచ్ నొక్కగానే ఫేజు, న్యూట్రల్ నేరుగా కలిసి షార్ట్ అవుతుంది. కామన్ సరిగా ఉన్నా, లైటు ఆరి ఉన్నప్పుడు హోల్డర్ రెండు కాళ్లకీ ఫేజు ఉండొచ్చు. బల్బు మార్చేవాళ్లకి అది ప్రాణాపాయం. అక్కడితో ఆగి, ఎలక్ట్రీషియన్‌తో ఆ లైను కొత్తగా లాగించండి.

న్యూట్రల్ లేకపోతే కరెంటు ఆపి, టెస్టర్‌తో మళ్లీ చూసి బిగించండి. ఇన్సులేషన్ 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఒలిస్తే చాలు. రాగి పోగులు మెలిపెట్టి, రెండుగా మడిచి దూర్చండి. బిగించాక ఒక్కోదాన్నీ లాగి చూడండి. వదులుగా ఉంటే చిటపటమని నిప్పురవ్వలు లేచి స్విచ్ నల్లబడుతుంది. అల్యూమినియం వైరైతే పదేపదే వంచకండి, స్క్రూ దగ్గరే విరుగుతుంది. పొట్టిదైపోతే దానికి రాగి ముక్క మెలేసి టేపు చుట్టొద్దు, ఆ అతుకు కొన్నాళ్లకి వేడెక్కుతుంది.

బోర్డు మూసేముందు బల్బు పెట్టి, కిందది రెండు వైపులా, ప్రతి వైపుకీ పైది రెండు వైపులా నొక్కండి. నాలుగింటిలో రెండుసార్లు వెలగాలి, రెండుసార్లు ఆరాలి.