పాత లారీకి సీబీ (బండి నుంచి బండికి మాట్లాడుకునే సిటిజన్ బ్యాండ్ రేడియో) యాంటెన్నా: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పాత లారీ. క్యాబిన్ చెక్క ఫ్రేముతో కట్టించి పైన రేకు కొట్టించాం. ఎడమ అద్దం కమ్మీకి బ్రాకెట్ వేసి 4 అడుగుల ఫైబర్ యాంటెన్నా బిగించాం. మీటరు పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ అన్ని ఛానెళ్లలోనూ 3 దాటుతోంది. యాంటెన్నా మార్చమంటారా?
– లారీ యజమాని, చిత్తూరు

జవాబు: మార్చకండి. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే యాంటెన్నాకు పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది. అన్ని ఛానెళ్లలో ఒకేలా 3 దాటిందంటే లోపం సాధారణంగా యాంటెన్నా పొడవులో ఉండదు, బిగింపులో ఉంటుంది. అది సరిచేసేదాకా మైకు బటన్ నొక్కొద్దు. వెనక్కి తిరిగొచ్చే శక్తికి సెట్టులోని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

ముందు సెట్టు నుంచి కేబుల్ ఊడదీయండి. బ్రాకెట్ మీది యాంటెన్నా కడ్డీని కూడా విప్పేయండి. మల్టీమీటరుతో కేబుల్ చివరి పీఎల్-259 కనెక్టర్ నడిమి పిన్నుకూ, బయటి గుల్లకూ మధ్య చూడండి. అక్కడ కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండకూడదు. ఉంటే బ్రాకెట్ దగ్గరి నైలాన్ వాషర్ తప్పుగా కూర్చున్నట్టే. ఆ వాషర్‌కు ఒక పక్క చిన్న మెడ ఉంటుంది. అది బ్రాకెట్ రంధ్రంలోకి దిగాలి. తిరగేసి పెడితే బోల్టు రంధ్రం అంచుకు తగిలి షార్టవుతుంది. మేము చూసే బండ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. వాషర్ బాగుంటే కనెక్టర్‌లో కేబుల్ పైపొర అల్లిక తీగ పోగు ఒక్కటి పిన్నుకు తగులుతోందేమో చూడండి.

ఇక మీ బండి అసలు సమస్య ఎర్త్ అయి ఉంటుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, దానిలో పావు 2.7 మీటర్లు. మీ 4 అడుగుల కడ్డీలో తీగను చుట్లుగా చుట్టి ఆ పావు పొడవులా పనిచేయిస్తారు. మిగతా సగం పని బండి ఇనుము చేయాలి. చెక్కకు మేకులతో కొట్టిన రేకు, రంగు పూసిన అద్దం కమ్మీ, రబ్బరు బుష్‌ల మీద కూర్చున్న క్యాబిన్... ఇవేవీ కరెంటు పారేలా ఒకదానికొకటి కలిసి లేవు. కాబట్టి యాంటెన్నాకు కింద ఆధారమే లేదు.

బ్రాకెట్ కింద కమ్మీ మీద రంగునూ తుప్పునూ ఎమిరీ పేపరుతో మెరిసేదాకా గీకండి. బ్యాటరీ ఎర్త్‌కు వాడే జడలాంటి రాగి పట్టీ కొనండి. ఒక ముక్క బ్రాకెట్ నుంచి క్యాబిన్ రేకుకు, ఇంకొకటి రేకు నుంచి ఛాసిస్‌కు వేయండి. ప్రతి ముక్కా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, అర మీటరు దాటనివ్వకండి. కమ్మీ తలుపుకు బిగించి ఉంటే తలుపు నుంచి క్యాబిన్‌కు మరో పట్టీ కావాలి. తలుపు బందుల్లో గ్రీజు, తుప్పు ఉంటాయి గనుక వాటిని నమ్మొద్దు. అంచున పళ్లుండే స్టార్ వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు పూయండి.

ఇక్కడ ఒక మాట. మామూలు సన్న వైరు వేసి మల్టీమీటరుతో చూస్తే సున్నా ఓములే చూపిస్తుంది, పనైపోయిందనిపిస్తుంది. కానీ మీటరు పొడవు సన్న తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటును అడ్డే గుణం) ఉంటుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర అది 170 ఓముల అడ్డు. వెడల్పాటి, పొట్టి పట్టీ అంటున్నది అందుకే.

ప్రశ్న: ఎర్త్ సరిచేశాం. ఇప్పుడు 1వ ఛానెల్‌లో 2.4, పై ఛానెళ్లలో 1.6 వస్తోంది. కడ్డీ కోయాలా? సెట్టులో 40 ఛానెళ్లున్నాయి, అన్నీ వాడొచ్చా?
– పలమనేరు పాఠకుడు

జవాబు: కోస్తే ఇంకా చెడుతుంది. కింది ఛానెల్‌లో ఎక్కువ వస్తే కడ్డీ పొట్టి, పై ఛానెల్‌లో ఎక్కువ వస్తే పొడవు. మీది పొట్టి. కొన చివర టోపీ తీస్తే స్క్రూ ఉన్న రకమైతే దాన్ని కొద్దికొద్దిగా బయటికి తిప్పి, ప్రతిసారీ లాక్ నట్టు బిగించి కొలవండి. స్క్రూ లేని రకమైతే కింద స్ప్రింగు వేస్తే పొడవు పెరుగుతుంది. షెడ్డులో, చెట్టు కింద, పక్కన ఇంకో లారీ ఉండగా కొలవకండి. బండిని ఖాళీ మైదానంలోకి తెచ్చి, తలుపులు మూసి చూడండి. 1.5 లోపు వస్తే చాలా మంచిది, 2 లోపైతే పనికొస్తుంది.

ఛానెళ్ల సంగతి జాగ్రత్తగా చూడండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలిన ఫ్రీక్వెన్సీ బ్యాండ్ 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే, 5 వాట్ల లోపే. 40 ఛానెళ్ల అమెరికా సెట్టులో 27వ ఛానెల్ 27.275, 28వది 27.285. అంటే 28 నుంచి 40 దాకా గీత దాటినవే. కాబట్టి మీరు 1, 14, 27 ఛానెళ్లలో కొలిచి సరిచేసుకుంటే చాలు. సెట్టు కొనేటప్పుడు డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ అనుమతుల విభాగం) ఆమోదపత్రం అడిగి, అందులో యాంటెన్నా గురించి ఏముందో చదివాకే బయట యాంటెన్నా బిగించండి.

ప్రశ్న: బండి 24 వోల్టులు, సెట్టు 12. ఒక బ్యాటరీ నుంచే కరెంటు తీసుకోవచ్చని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.
– పుత్తూరు పాఠకుడు

జవాబు: వద్దు. ఎర్త్ వైపు బ్యాటరీ నుంచి తీస్తే అది రోజూ తగ్గుతూ ఉంటుంది, రెండోది ఎక్కువ ఛార్జై నీళ్లు మరిగిపోతాయి. రెండో బ్యాటరీ నుంచి తీస్తే ఇంకా ప్రమాదం. సెట్టు మైనస్ 12 వోల్టుల మీద ఉంటుంది, యాంటెన్నా కేబుల్ అల్లికేమో ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. కనెక్టర్ బిగించగానే షార్టై కేబుల్ కాలుతుంది. 24 నుంచి 12కు దించే 5 ఆంపియర్ల కన్వర్టర్ పెట్టి, సెట్టు ప్లస్ వైరుకు 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి.

కన్వర్టర్ పెట్టాక గరగర మొదలైతే యాంటెన్నా కేబుల్ ఊడదీసి వినండి. అయినా ఉంటే శబ్దం కరెంటు వైర్ల ద్వారా వస్తోంది. కన్వర్టర్‌ను సెట్టు నుంచి మీటరు దూరం జరిపి, వైర్లకు శబ్దాన్ని అడ్డే ఫెర్రైట్ తొడుగు వేయండి. ఆగిపోతే శబ్దం యాంటెన్నా నుంచి వస్తున్నట్టు, మళ్లీ ఎర్త్ పట్టీలు చూసుకోండి. ఇంజిన్ వేగంతో పాటు ఈలలా పెరిగితే అది ఆల్టర్నేటర్‌ది.

ప్రశ్న: భాకరాపేట ఘాట్‌లో మా రెండు బండ్ల మధ్య మాట అందడం లేదు. 9 అడుగుల పొడవాటి కడ్డీ వేస్తే అందుతుందా?
– తిరుపతి పాఠకుడు

జవాబు: పొడవు కడ్డీ మైదానంలో తేడా చూపిస్తుంది. ఘాట్‌లో మలుపుకు అటూ ఇటూ కొండే అడ్డం, 5 వాట్లతో దాన్ని దాటించడం కష్టం. మొగిలి ఘాట్‌లోనూ అంతే. రెండు బండ్లూ ఒకే వాలులో ఉన్నప్పుడు మాట్లాడుకోండి.

పైగా 9 అడుగులంటే 2.7 మీటర్లు. 2 మీటర్ల ఎత్తున ఉన్న కమ్మీ మీద పెడితే కొన 4.7 మీటర్లకు చేరుతుంది. విద్యుద్దీకరించిన రైల్వే లైన్లలో లెవల్ క్రాసింగ్ ముందుండే ఎత్తు గేజు (ఎత్తు బండ్లను ఆపే అడ్డ దూలం) 4.67 మీటర్లే, ఆ పైన 25 వేల వోల్టుల తీగ. ఊళ్లలో వేలాడే కరెంటు తీగల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 4 అడుగుల కడ్డీయే ఉంచండి. దాన్ని టార్పాలిన్ తాళ్లు తగలని చోట, లోడు కంటే ముందుగా, అద్దం కమ్మీ పై చివరన బిగించండి. కేబుల్ మిగిలితే గట్టి చుట్టగా చుట్టకండి, సీటు కింద వదులుగా మడిచి పెట్టండి.