భద్రాచలం ఎవరిదో ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టాలి?

"భద్రాచలం మొదటి నుంచీ తెలంగాణదేనా, ఆంధ్ర నుంచి వచ్చిందా?" అని అడిగారు. ఎవరికి నచ్చిన సంవత్సరం దగ్గర వాళ్లు లెక్క మొదలుపెడతారు, గొడవంతా అక్కడే. గుడి కట్టించిన గోపన్న గోల్కొండ ఏలుబడిలో తహసీల్దారు. 1860లో నిజాం, భద్రాచలంతో సహా గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. 1874లో అవి మద్రాసు కిందికి వెళ్లాయి. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో మళ్లీ కోశారు.

ఆ చివరి కోతే తలతిక్క పని. మండలమంతా ఆంధ్రకు రాసేసి, భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మాత్రం మినహాయించారు. రెవెన్యూ హద్దు చూసుకుని ఊరు పెరుగుతుందా? ఊరిని ఆనుకున్న ఎటపాక అటు పోయింది. గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు కూడా అంతే. రాముడు ఇక్కడ, ఆయన మాన్యం వందల ఎకరాలు పురుషోత్తపట్నంలో. తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలన్నా మధ్యలో ఆంధ్ర ఊళ్లు దాటాలి. ఊరి చెత్త పోయడానికీ జాగా లేదు.

వరదకు ఈ హద్దులేవీ పట్టవు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. నది పెరిగితే కరకట్ట స్లూయిస్ షట్టర్లు దించేస్తారు, లేకపోతే గోదావరే తూముల్లోంచి ఊళ్లోకి ఎదురెక్కుతుంది. అప్పుడు ఊళ్లో కురిసిన వాన నీటికి దారి ఉండదు, మోటార్లతో కట్ట అవతలికి తోడాలి. మోటారు మొరాయించిందా, గోదావరి కట్ట దాటకపోయినా గుడి చుట్టూ మోకాలి లోతు నీళ్లే. ఏటా తెలిసిన సంగతే, అయినా వాన మొదలయ్యాకే మోటార్లు గుర్తొస్తాయి.

పైనుంచి వరద తగ్గిందన్నా నమ్మడానికి లేదు. దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి నది పోటు మీదుంటే గోదావరి ముందుకు కదలదు, భద్రాచలంలో మట్టం గంటల తరబడి అంగుళం దిగదు. ఆ కూనవరం ఇప్పుడు పక్క రాష్ట్రం. చింతూరు రోడ్డు మునిగేదీ ఆ ఎదురుపోటుకే.

ఆ అయిదు పంచాయతీలు భద్రాచలానికే ఇవ్వాలి, నా మట్టుకు ఇందులో వాదనే లేదు. మీరు జులై, ఆగస్టుల్లో వస్తుంటే మాత్రం భద్రాచలం అడుగులు ఒక్కటే చూసి బయల్దేరకండి, కూనవరంలో శబరి ఎంతుందో కూడా కనుక్కోండి.